నిన్నటి రవ్వ

ఆదివారం పొద్దున్న కచేరీ. శుక్రవారం నాటికి త్రినాథు మృదంగం మూగబోయింది.

కుడి పక్క కొడితే టంగుమని బాగానే పలుకుతోంది. ఎడం పక్క కొడితే మాత్రం తడిసిన గోనెసంచి మీద కొట్టినట్టు దబ్, దబ్. వేళ్ళు వాచిపోయేదాకా కొట్టాడు. అదే మోత.

నిడదవోలులో కాలవ గట్టు మీద ఉంటుంది మంగతాయారు గారి ఇల్లు. ఆవిడ మృదంగం నేర్పుతారు. ఆడమనిషికి మృదంగమేంటని ఒకప్పుడు నవ్వినవాళ్ళ పిల్లలే ఇప్పుడు ఆవిడ గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొస్తారు. త్రినాథు ఆ ఇంట్లోనే ఉండి నేర్చుకుంటున్నాడు. వాళ్ళది తుని. నాన్న సూరిబాబుకి హైవే పక్కన లారీలకి పంచర్లు వేసే కొట్టు ఉంది. కొడుకు పాలిటెక్నిక్ మధ్యలో వదిలేసి మృదంగం నేర్చుకుంటానంటే ఆయన అరవలేదు, కొట్టలేదు.

"ఓ కచేరీ చూత్తాను," అన్నాడు. "బావుంటే అక్కడే ఉండు. లేపోతే నాతోపాటు రైలెక్కెయ్. జాకీ పట్టుకుందువు గాని."

ఆ కచేరీ ఈ ఆదివారమే.

అందుకే వారం నుంచి త్రినాథుకి మృదంగం తప్ప లోకం లేదు. తిండికి పిలిస్తే పలకడు. సాయంత్రం పిల్లలంతా కాలవలో ఈతకెళ్తుంటే తలెత్తి చూడడు. ఒక్క నిమిషం కూడా వదలకూడదని అతని పట్టుదల. ఆ పట్టుదలలోనే ఒక తెలివైన పని కూడా చేశాడు.

మృదంగం ఎడం పక్క తోలుకి బొంబాయి రవ్వ ముద్ద అంటించాలి. రవ్వని నీళ్ళతో కలిపి, బాగా పిసికి, చిన్న అట్టులా తోలు మధ్యలో అద్దితేనే ఆ పక్క 'తోం' అని లోతుగా పలుకుతుంది. వాయించడం అయిపోగానే ఆ ముద్దని గీకేసి, తడిగుడ్డతో తుడిచి, పైన గుడ్డ కప్పాలి. మర్నాడు మళ్ళీ కొత్తగా కలుపుకోవాలి. మళ్ళీ పొద్దున్నే వాయించేదానికి గీకడమెందుకు, కలపడమెందుకు అనుకున్నాడు త్రినాథు. నిన్నటి ముద్ద మీదే నాలుగు నీటిచుక్కలు చల్లి, బొటనవేలితో అదిమి, పని మొదలెట్టేసేవాడు. ఎంత టైము మిగిలిందో అని మురిసిపోయాడు కూడా.

"ఏంటి త్రినాథూ, పిండి రుబ్బుతున్నావా?" అంది హైమ. ఆ పిల్ల కూడా మంగతాయారు గారి దగ్గరే నేర్చుకుంటోంది. నోరు ఊరుకోదు.

"నువ్వు మాట్లాడకు."

"నేను మాట్లాడకపోతే ఈ ఇంట్లో పలికేదే ఉండదు. నీ మృదంగం ఎలాగూ పలకట్లేదు."

త్రినాథు లేచి పెరట్లోకి వెళ్ళాడు. మంగతాయారు గారు పీట మీద కూర్చుని గోంగూర వలుస్తున్నారు.

"అమ్మగారూ, నాలో అది పోయిందండి."

"ఏదిరా?"

"అదేనండి, లోపల్నించి వచ్చేది. ఇదివరకు కూర్చుంటే చాలు, చేతులు వాటంతటవే ఆడేవి. ఇప్పుడు చచ్చినా రావట్లేదు. దాన్ని ఎక్కణ్ణించి తెచ్చుకోవాలో చెప్పండి."

"రాత్రి ఏం తిన్నావు?"

"తినలేదండి. సాధన చేస్తున్నాను."

"నిన్న ఈతకెళ్ళావా?"

"లేదండి. సాధన."

"పొద్దుట్నుంచీ నీ చెవిన ఏం పడింది?"

"నా మృదంగమేనండి."

"అయ్యో పాపం," అన్నారావిడ. ఎవర్ని చూసి జాలిపడ్డారో త్రినాథుకి అర్థం కాలేదు.

"నేను లయ గురించి అడుగుతుంటే మీరు తిండి గురించి అడుగుతారేంటండీ!"

"ఉండు, లయే పెడతాను," అని గోంగూర పక్కన పెట్టి లేచారు.

వంటింట్లోంచి ఒక పళ్ళెం తెచ్చారు. రాత్రి చేసిన ఉప్మా. పైన పొర కట్టి, అంచులు ఎండి, నడిమధ్య బీట వేసింది. ఆవిడ గ్లాసులోంచి నాలుగు నీటిచుక్కలు దాని మీద చల్లి, బొటనవేలితో నాలుగు పక్కలా అదిమి, త్రినాథు చేతికిచ్చారు.

"తిను."

"ఇది రాత్రిదండి."

"నీ వంతే. ఎవరూ ముట్టుకోలేదు."

"గట్టిపడిపోయిందండి."

"అందుకే కదరా నీళ్ళు చల్లాను."

హైమ గుమ్మంలోకొచ్చి నిలబడింది. ఇలాంటివి వదులుకునే పిల్ల కాదు. త్రినాథు ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకా నమిలాడు.

"ఎలా ఉంది?"

"బాలేదండి."

"ఇంకో నాలుగు చుక్కలు చల్లనా?"

త్రినాథు పళ్ళెంలోకి చూశాడు. ఉప్మా మీద బొటనవేలి గుంట కనిపిస్తోంది. చాలాసేపు ఆ గుంటనే చూశాడు. తర్వాత మెల్లిగా తలతిప్పి, వరండాలో ఉన్న మృదంగం వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

పళ్ళెం కింద పెట్టి లోపలికి పరిగెత్తాడు.

చెంచా పెట్టి లేపితే రవ్వ ముద్ద ఎండిన అప్పడంలా ఊడొచ్చింది. దాని కింద తోలు లాక్కుపోయి ముడతలు పడింది.

"అమ్మగారూ, చిరిగిపోతుందాండీ?"

ఆవిడ వచ్చి తడిగుడ్డతో నెమ్మదిగా ఒత్తారు, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు తుడిచినట్టు. "చిరగదులే. కానీ ఇవాళ ముట్టుకోకు. దీనికి సెలవు."

"సెలవేంటండీ! ఎల్లుండి కచేరీ. మా నాన్న వస్తున్నాడు."

"రానీ."

"పోనీ హైమ మృదంగం తీసుకుంటాను."

హైమ గబగబా వెళ్ళి తన మృదంగాన్ని ఒళ్ళోకి లాక్కుంది. "నేనివ్వను. దీన్ని కూడా పస్తు పెట్టేస్తాడు."

"మరి నేనేం చెయ్యాలండీ?"

"ఇంట్లో ఉప్పైపోయింది. రైలు గేటు అవతల కొట్టుంది చూడు, అక్కణ్ణించి పట్రా. నడిచే వెళ్ళు. దారిలో చెవిన పడ్డవి కూడా పట్రా."

త్రినాథు గొణుక్కుంటూ బయల్దేరాడు. నాన్న వస్తున్నాడు, తోలు ముడతలు పడింది, తనేమో ఉప్పుకి పోతున్నాడు. ఉప్పు కొనుక్కుని ఐదు నిమిషాల్లో వెనక్కొచ్చేద్దామని వడివడిగా నడిచాడు.

గేటు పడింది.

అటుపక్క కొట్టు కనబడుతూనే ఉంది. ఇటుపక్క త్రినాథు చెప్పులతో నేలని తన్నుతూ నిలబడ్డాడు. గేటు పక్కనే పునుగుల బండి. బండావిడ వాణ్ణి ఎగాదిగా చూసింది.

"గేటు మీద అలా గుడ్లురిమితే లేస్తుందేంటి తమ్ముడూ? గూడ్సు వెళ్ళాలి. కూర్చో."

"పనుందండి."

"గూడ్సుకి కూడా పనుంది. కూర్చో."

స్టూలు మీద కూర్చున్నాడు. ఆవిడ మూకుట్లో పిండి వేసింది. చుయ్‌మంది. మళ్ళీ వేసింది. ఈసారి చిన్న చుయ్. గరిటెని మూకుడు అంచుకేసి కొట్టింది. టక్, టక్, ఆగి, టక్. త్రినాథు తలెత్తాడు.

ఇంతలో గూడ్సు వచ్చింది. పట్టాల అతుకుల మీద తకిట తకిట అనుకుంటూ, పెట్టె మీద పెట్టె. ఖాళీ పెట్టె ఒక రకంగా మోగుతోంది, నిండు పెట్టె ఇంకో రకంగా. అది దాటిపోయాక కాలవ రేవులో ఎవరో బట్టలుతుకుతున్న చప్పుడు వినబడింది. బండ మీద ఫట్‌మంటే అవతలి గట్టు నుంచి తోం అని తిరిగొస్తోంది. మధ్యలో బట్ట పైకి లేచినంతసేపూ ఏ చప్పుడూ లేదు. త్రినాథు ఆ ఏమీ లేనిదానికి కూడా తాళం వెయ్యడం మొదలెట్టాడు.

పునుగులు వేడివేడిగా కాగితంలో పెట్టి ఇచ్చిందావిడ. నాలిక కాలింది. అల్లం పచ్చడి ముక్కుకెక్కింది. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. తిండికింత రుచుంటుందన్న సంగతి వాడు మర్చిపోయి వారమైంది.

గేటు లేచింది. స్కూటర్లు హారన్లు కొట్టుకుంటూ పోయాయి.

"తమ్ముడూ, గేటు లేచింది. పనన్నావు?"

"ఇంకో వాయి వెయ్యండక్కా," అన్నాడు త్రినాథు. "ఆ గరిటె మళ్ళీ ఇందాకట్లా కొట్టండి."

ఇంటికొచ్చేసరికి వాడి నోటికి ఆగడం తెలీలేదు. గూడ్సు ఎలా వెళ్ళిందో తొడ మీద వాయించి చూపించాడు. చుయ్‌మని నోటితో అన్నాడు. బట్టలుతికే చప్పుడు మొదలెట్టి మధ్యలో చెయ్యి గాల్లోకెత్తి ఆపేశాడు. ఆ చెయ్యి ఎప్పుడు దిగుతుందా అని హైమ కూడా నోరు తెరుచుకుని చూసింది.

అంతా అయ్యాక మంగతాయారు గారు అడిగారు. "ఉప్పేదిరా?"

త్రినాథు రెండు చేతులూ చూసుకున్నాడు.

"మర్చిపోయానండి."

ఆవిడ భుజాలు కదిలిపోయేలా నవ్వారు. "హైమా, పక్కింట్లో గుప్పెడు ఉప్పు అడిగి పట్రామ్మా. వీడి చెయ్యి బాగుపడింది."

"వెళ్తానండి. ముందు మూతికున్న పచ్చడి తుడుచుకోమనండి," అంది హైమ.

ఆ సాయంత్రం త్రినాథు కాలవలో దూకాడు. రాత్రి గోంగూర పచ్చడితో రెండోసారి అన్నం పెట్టించుకుని, మంచమెక్కగానే నిద్రపోయాడు.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసొచ్చి, గిన్నెలో రవ్వ పోసుకుని కూర్చున్నాడు.

"నీళ్ళు ఎన్ని పొయ్యాలండీ?"

"బయటికెళ్ళి చూసిరా," అన్నారావిడ.

"ఏం చూడాలండీ?"

"ఇవాళ్టిని."

వెళ్ళి గట్టు మీద నిలబడ్డాడు. కాసేపటికి తిరిగొచ్చాడు. "మబ్బుగా ఉందండి. కాలవ మీంచి తడిగాలి వస్తోంది."

"అయితే?"

"నీళ్ళు తక్కువండి."

"కలుపు మరి."

కలిపాడు. పిసికాడు. తోలుకి అద్ది, చిటికెడు తీసి, మళ్ళీ చిటికెడు పెట్టి, అరచేత్తో ఒక్కటి వేశాడు.

తోం.

లోపలి గదిలోంచి హైమ అరిచింది. "ఎవరా వచ్చింది? కొత్త మనిషిలా ఉన్నారే!"

ఆదివారం కోవెల మండపం నిండిపోయింది. పాడినావిడ పాట ముగించి, త్రినాథు వైపు చెయ్యి చూపించి, "ఇక నువ్వు" అన్నట్టు నవ్వింది. త్రినాథు ఒక్కడే వాయించాల్సిన సమయం అది. నాన్న వెనక వరసలో, చేతులు కట్టుకుని, ఎవరి మొహం వైపూ చూడకుండా కూర్చున్నాడు. త్రినాథు కళ్ళు మూసుకున్నాడు. ముందు మూకుడు అంచు మీద గరిటె పడింది. ఆ తర్వాత గూడ్సు వచ్చింది, ఖాళీ పెట్టెలూ నిండు పెట్టెలూ. అది దూరమయ్యాక చెయ్యి గాల్లోకి లేచి ఆగిపోయింది. రేవులో బట్ట పైకి లేచినంతసేపూ అక్కడే ఉంది. అప్పుడు ఎడం చెయ్యి దిగింది.

చప్పట్లు ఆగాక సూరిబాబు ముందుకొచ్చాడు. మృదంగం ఎడం పక్క వైపు వేలు చూపించాడు.

"లారీ టైర్లో గాలి సరింగా ఉందో లేదో రాడ్డుతో కొట్టి చూత్తాం. సరిపోయినప్పుడు ఇలాగే పలుకుద్దిరా," అన్నాడు. తర్వాత మంగతాయారు గారి వైపు తిరిగి చేతులు జోడించాడు. "ఈణ్ణి మీ దగ్గరే ఉంచుకోండమ్మా."

"మరి జాకీ ఎవరు పట్టుకుంటారండీ?"

"దానికి మనుషులు దొరుకుతారు లెండి," అంటూ కండువాతో మొహం తుడుచుకున్నాడు. మొహం కన్నా కళ్ళే ఎక్కువ తుడుచుకున్నాడు.

జనం వెళ్ళిపోయారు. త్రినాథు మృదంగం ఒళ్ళో పెట్టుకుని ఇంకా కూర్చునే ఉన్నాడు.

"తుడవవా?" అన్నారు మంగతాయారు గారు.

"అమ్మగారూ, ఈ ఒక్కరోజుకీ ఉంచేస్తానండి. ఇంత బాగా ఎప్పుడూ పలకలేదు. మళ్ళీ ఇలాంటి ముద్ద కుదురుతుందో లేదో."

ఆవిడ సంచీలోంచి చెంచా తీసి వాడి ముందు పెట్టారు.

"బాగా పలికిందా?"

"చాలా బాగా పలికిందండి."

"అయితే గీకెయ్."

త్రినాథు కాసేపు చెంచా వైపు చూశాడు. మృదంగం వైపు చూశాడు. చెంచా అందుకున్నాడు.

నలుగురూ రేవు మెట్ల మీదికి వచ్చారు. పైన ఎండ కాస్తోంది. త్రినాథు రవ్వ ముద్దని తుంచి నీళ్ళలోకి విసిరాడు. చేపలు ఎగబడ్డాయి. సూరిబాబు "నాకూ కూసింత పెట్టరా" అని తీసుకుని దూరంగా విసిరాడు.

"కచేరీ అంతా చేపల నోట్లోకి పోయింది," అంది హైమ.

"ఆకలేస్తోంది. పదండి, ఉప్మా చేస్తాను," అన్నారు మంగతాయారు గారు.

"వేడిగానేనాండీ?" అన్నాడు త్రినాథు.

ఆవిడ నవ్వి రెండు మెట్లెక్కి, ఆగి వెనక్కి తిరిగారు.

"ఒరేయ్, రేపు రవ్వలో నీళ్ళెన్ని పోస్తావురా?"

త్రినాథు చేతులు దులుపుకున్నాడు.

"ఇంకా రేపు రాలేదు కదండీ."