చుక్కలపెట్ట పొదిగిన బొమ్మ

అనగనగా, కొండల అవతల ఓ అడవి. ఆ అడవిలో చుక్కలపెట్ట అనే కోడి దగ్గర ఓ పాత కెమెరా ఉండేది. మీట నొక్కితే చాలు, దాని నోట్లోంచి తెల్లటి అట్ట బయటికొచ్చేది. కాసేపటికి అట్ట మీద బొమ్మ తేలేది. పెళ్ళయినా, పిల్ల పుట్టినా జంతువులన్నీ గింజలు పట్టుకుని పెట్ట గుమ్మం ముందు నిలబడేవి.

సింహాలకు ఓ ఆచారం ఉంది. జూలు మొలిచిన కొడుకు, తండ్రి ఏలే అడవిని విడిచి వెళ్ళాలి. యువరాజు బయలుదేరే రోజు రానే వచ్చింది. మృగరాజు పెట్టను పిలిపించాడు.

"మా ఇద్దరికీ ఒక బొమ్మ తియ్యి. ఇక నాకు మిగిలేది అదే."

"చిత్తం ప్రభూ. అట్టలు మూడే ఉన్నాయి. ఇవిప్పుడు ఎక్కడా దొరకవు," అంది పెట్ట.

మొదటి అట్ట రాగానే మంత్రి నక్క లాక్కుంది. "ఊపితే తొందరగా వస్తుంది, నాకు తెలియదా ఏమిటి" అంటూ, పెట్ట వద్దంటున్నా టపటపా ఊపింది. రంగులు చెదిరి రాజుగారి మూతి చెవిదాకా సాగింది.

రెండో అట్టను సేనాపతి ఎలుగుబంటి అందుకుంది. "తడిగా ఉంది, ఆరబెట్టాలి" అని ఎండకు పట్టింది. అట్ట తెల్లగా పాలిపోయింది.

"నాన్నగారూ, మనం మంచులో నిలబడ్డామా?" అన్నాడు యువరాజు.

రాజుకు ఒళ్ళు మండింది. "మూడోదీ పాడైతే నీ కెమెరాను ఏట్లో పారేయిస్తాను."

పెట్ట బెదరలేదు. "అయితే నేను చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదు ప్రభూ. తమరైనా సరే."

ముక్కుతో మీట నొక్కింది. అట్ట రాగానే బోర్లించి, రెక్కలు కప్పి దానిమీద కూర్చుంది. బొమ్మకు కావలసింది చీకటి, వెచ్చదనం. పొదిగే తల్లికి ఆ విద్య ఎవరు నేర్పాలి?

"ఏమీ రాలేదు ప్రభూ, అందుకే దాస్తోంది," అంది నక్క.

"లే," అన్నాడు రాజు.

"లేవను."

రాజు పంజా ఎత్తాడు. పెట్ట కళ్ళు మూసుకుంది కానీ కదల్లేదు.

"గుడ్డును ముందే పగలగొడితే పిల్ల రాదు ప్రభూ. సొన వస్తుంది."

పంజా గాలిలో ఆగింది. మెల్లగా దిగింది. రాజు పెట్ట ఎదుట చతికిలబడ్డాడు. కొడుకూ వచ్చి పక్కన కూర్చున్నాడు. వేరే పనేమీ లేక ఇద్దరూ కబుర్లలో పడ్డారు. వేట గురించి, చిన్నప్పటి అల్లరి గురించి, వెళ్ళబోయే దారి గురించి.

చివరికి పెట్ట లేచింది. అట్ట మీద తండ్రీకొడుకులు నిండుగా ఉన్నారు. ఒకరిది నెరిసిన జూలు, ఒకరిది లేత జూలు.

రాజు చాలాసేపు చూశాడు. తర్వాత ఆ బొమ్మను కొడుకు ముందుంచాడు.

"నువ్వే తీసుకెళ్ళు నాయనా. నాకు నీతో గడిపిన ఈ పూట మిగిలింది."

కాబట్టి పిల్లలూ, సమయం పట్టే పనిని తొందరపెడితే చెడుతుంది. ఎవరు బెదిరించినా కదలక కాచుకున్నవారికే అది చక్కగా దక్కుతుంది.