మంత్రిగారి పటంలో ఏడువందల గొర్రెలు

కొత్త కాలువ తవ్వించిన దగ్గర్నుంచీ గన్నమరాజుకు ఒకటే ముచ్చట. అడవులు పట్టుకుని తిరిగే గొర్రెలకాపరుల్ని ఆ కాలువ పక్కన కుదురుగా కూర్చోబెట్టి వరి పండించాలి. ఊరు ఎలా ఉండాలో గీసి తెమ్మని సింగయ మంత్రిని పురమాయించాడు.

మంత్రి ఊరుకుంటాడా, కొలువుకూటం నేలంతా పరుచుకునేంత గుడ్డ మీద రంగులతో ఊరిని దించేశాడు. నడుమ ఇళ్ళు, చుట్టూ మడిని ఆనుకుని మడి, ఆ చివర కాలువ.

"అరచేయంత నేల కూడా వృథా పోనివ్వలేదు ప్రభూ. మడిలో కాలు పెట్టిన గొర్రెను బందెలదొడ్డికి తోలించేస్తాం," అన్నాడు మీసం దువ్వుకుంటూ.

రాజు ముద్ర అందుకున్నాడు.

రాజుకు గొడుగు పట్టే తిప్పన పటం వంక చూశాడు, తర్వాత ఓ పక్కన నిలబడ్డ కాపరుల పెద్ద ఓదెలు వంక చూశాడు. పెద్దాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ముద్ర పడిందంటే ఆయన ఏడువందల గొర్రెలూ నీళ్ళు ఎదురుగా ఉండగానే దాహంతో చావాలి, లేదా అన్నిటినీ తెగనమ్ముకోవాలి.

తిప్పనకు నాలుక దురద పుట్టింది.

"మంత్రిగారూ, ఊరి నడుమ నిలబడి చూపిస్తే ప్రభువులకు ఇంకా బాగా తెలుస్తుంది కదండీ."

మంత్రి మురిసిపోయి చకచకా వెళ్ళి ఇళ్ళ మధ్య నిలబడ్డాడు.

"ఇప్పుడు మీరే ఓదెలు మంద అనుకోండి. కాలువ దాకా వెళ్ళి నీళ్ళు తాగి రండి. ఇందాక ఎన్ని మడులు తొక్కారో నేను చూడలేదు లెండి. ఈసారి తొక్కితే మాత్రం బందెలదొడ్డే."

"ఓస్, గట్టు మీద పోతాను," అంటూ మంత్రి చేతులు చాపి గీత మీద తూలుతూ నాలుగడుగులు వేశాడు. కొలువులో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఓదెలు మామా, మీ గొర్రెలు ఇలా ఒకదాని వెనక ఒకటి పోతాయా?"

"వరస తెలిస్తే అవి గొర్లెందుకైతయి అయ్యా? గుంపుగ పోతయి."

"విన్నారుగా మంత్రిగారూ. మీ పక్కన ఇంకో ఆరువందల తొంభై తొమ్మిది ఉన్నాయి. కానివ్వండి."

మంత్రికి చిర్రెత్తింది. "ఎట్లా కానిచ్చేది? దారేదీ? ఎగరమంటావా నన్ను?"

"నేనెందుకంటానండీ, మీ పటమే అంటోంది."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. ముద్ర పక్కన పడేసి, తానే కుంచె తీసుకుని ఇళ్ళ దగ్గర్నుంచి కాలువ దాకా వెడల్పాటి బాట గీశాడు. పక్కనే మేతకు బీడు వదిలాడు. తన చేతి కంకణం తీసి తిప్పన చేతికి తొడిగాడు.

మంత్రి ఇంకా గట్టు మీదే ఒంటికాలిపై ఊగుతున్నాడు. చూసి చూసి ఓదెలుకే జాలేసింది.

"మా మడిలకెల్లి రాండ్రి దొరా, పంట కోసేసినం."

ఆ మాటకు మంత్రితో సహా కొలువంతా ఘొల్లున నవ్వింది.