పోలి కాచిన రంగు

మన తాతల తాతలు ఉయ్యాలలో ఊగే నాటి మాట. ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో పోలి అని ఒక ఒంటరి మనిషి. బొమ్మలు వేసేవాళ్ళకు రంగులు నూరిపెట్టడం ఆమె పని. రంగురాతి పొడిని అవిసె నూనెలో వేసి నూరేది, నూరేది, వెన్నలా అయ్యేదాకా నూరేది. గాలి తగిలితే నూనె రంగు తోలు కడుతుంది, ఆపైన రాయవుతుంది. అందుకని ఆ ముద్దను పిడతలో పెట్టి, మునిగేలా నీళ్ళు పోసేది. రోజూ పొద్దున్నే పాతనీళ్ళు వంచి కొత్తనీళ్ళు పోసేది.

ఒక ఏడు ఊరి అమ్మవారికి కొత్త కొయ్యబొమ్మ చేశారు. రంగులు వేయడానికి జగ్గప్ప అనే బొమ్మల పనివాడు వచ్చాడు. కళ్ళకు కావలసిన నీలిరాయి పడవ వర్తకుడి దగ్గర ఒక్కటే దొరికింది. మళ్ళీ దొరకదన్నాడతను. పోలి దాన్ని నూరింది. జగ్గప్ప ఒక కన్ను వేశాడు. రెండోది వేసేలోపే జమీందారు మనుషులొచ్చి, పల్లకీకి రంగులు వేయాలంటూ అతణ్ణి వెంటబెట్టుకుపోయారు.

వెళ్తూ వెళ్తూ పోలి గుమ్మం దగ్గర ఆగాడు. మూడు నెలల్లో వస్తానని చెప్పి, అందాకా రంగు నిలుస్తుందా అని అడిగాడు.

"నువ్వొచ్చేదాకా ఎండనివ్వను తమ్ముడూ," అంది పోలి.

మూడు నెలలు కాస్తా మూడేళ్ళయ్యాయి. పల్లకీ అయ్యాక మేడ గోడలు, గోడలయ్యాక తలుపులు. ఇక్కడ ఒంటికన్ను బొమ్మకు పూజ లేదు, జాతర లేదు. ఆ కన్ను తమ వెంటే తిరుగుతోందని జనం ఆ దారిన నడవడమే మానేశారు.

చివరికి జగ్గప్ప తిరిగొచ్చి నేరుగా పోలి ఇంటికి వెళ్ళాడు. తలుపు తాడుతో కట్టి ఉంది. పోలి జ్వరమొచ్చి పోయి రెండేళ్ళయిందని, అప్పటినుంచి ఆ తలుపు ఎవరూ తీయలేదని పక్కింటి గవరమ్మ చెప్పింది.

అతను తాడు విప్పి లోపలికెళ్ళాడు. నేలంతా దుమ్ము, చూరంతా బూజు. పిడతలో మాత్రం నిండుగా తేటనీళ్ళు. వేలు ముంచి చూశాడు. రంగు వెన్నలా ఉంది.

ఈ నీళ్ళు ఎవరు పోశారని అడిగాడు. గవరమ్మ కొంగు కప్పుకుని తన ఇంట్లోకి వెళ్ళిపోయింది.

నీళ్ళు వంచేసి, తలుపు కట్టి, అరుగు మీద కూర్చున్నాడు. కాసేపాగి తీస్తే పిడత నిండి ఉంది. మళ్ళీ వంచాడు. మళ్ళీ నిండింది. మూడోసారి వంచి లోపలే ఉండిపోయాడు. ఎవరూ రాలేదు. గది మూల ఖాళీ కుండ దగ్గర, దుమ్ములో ఒక నీటిచుక్క పడింది. దాని పక్కన ఇంకొకటి. ఆ పక్కన మరొకటి. చుక్కలు నడిచినట్టుగా పిడత వైపు వచ్చాయి. పిడతలో నీళ్ళు మెల్లగా పైకి లేచాయి.

జగ్గప్ప గోడ దాకా వెనక్కి జరిగాడు. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

"పోలక్కా, నేనొచ్చేశాను," అన్నాడు. "ఇంక నీళ్ళు మార్చక్కర్లేదు."

చుక్కలు ఆగిపోయాయి.

పొద్దు వాలకముందే రెండో కన్ను వేశాడు. రెండు కళ్ళూ ఒకే చూపయ్యాయి. తిరిగొచ్చి చూస్తే పిడత పొడిగా ఉంది. అడుగున మిగిలిన రంగు రాయైపోయింది.

ఇప్పటికీ ఆ వైపు రంగులవాళ్ళు పని సగంలో వదిలి ఊరెళ్ళాల్సొస్తే, ఇంటికి తాళం వేశాక మూసిన తలుపుతో ఒక మాట చెబుతారు: "పోలక్కా, రంగుంది, చూస్తుండు." చెప్పి గబగబా మెట్లు దిగిపోతారు. లోపల నీళ్ళ చప్పుడు వినాలని ఎవరికీ ఉండదు.