అడవి సత్రంలో ఉప్పు

పైడయ్య కొత్తగా ఉప్పుబండి తోలడం మొదలుపెట్టాడు. దారిలో పూటకూళ్ళ ఇళ్ళలో తింటే వచ్చిన కిరాయి కడుపుకే సరిపోతుందని, అడవిలో ఊరికే అన్నం పెట్టే సత్రం ముందు బండి ఆపాడు. ఎద్దులు మాత్రం ఆ వాకిట్లో అడుగు పెట్టనన్నాయి.

పెరట్లో విరిగిన బండ్ల మీద గడ్డి మొలిచి ఉంది. విస్తరి వేసిన మనిషిని చూసి పైడయ్య ఉలిక్కిపడ్డాడు. నిరుడు బండితో వెళ్ళి తిరిగిరాని తమ ఊరి సూరన్న!

"అన్నా, ఇక్కడున్నావేంటి?"

"దొరగారి ఉప్పు తిన్నాను తమ్ముడూ," అన్నాడు సూరన్న. ఏటవాలు ఎండలో నిలబడినా అతనికి నీడ లేదు.

అంతలో సత్రం దొర వచ్చి, చప్పిడి కూర పక్కన తన చేత్తోనే ఉప్పు వడ్డించి వెళ్ళాడు. భోజనం ముగిసే వేళకు నవ్వుతూ తిరిగొచ్చాడు.

"నా ఉప్పు తిన్నవాడు చచ్చినా నా కొలువులోనే ఉండాలి. అది ధర్మం."

"ధర్మమే దొరా. కానీ మీ ఉప్పు విస్తరి అంచున అలాగే ఉంది, చూడండి. నా బండిలోది కలుపుకుని తిన్నాను."

"నా ఉప్పును కాదనేంత గొప్పదా నీది? ఏదీ, ఇలా తే!"

పైడయ్య మొలలోంచి చిన్న మూట తీసి విప్పాడు. దొర చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు. వెంటనే ఆయన ముఖం పాలిపోయింది.

పైడయ్య తాపీగా చెయ్యి కడుక్కున్నాడు. "ధర్మం మీరే చెప్పారు. పదండి, ఎద్దులకు నీళ్ళు పెట్టాలి."

సూరన్న గట్టిగా నిట్టూర్చాడు. మరుక్షణం అక్కడ అతని చేతిలోని గరిటె ఒక్కటే నేల మీద పడి ఉంది.

ఇప్పటికీ కనుమ ఎక్కేటప్పుడు పైడయ్య ఎద్దులను అదిలించడు. వెనక్కి తిరిగి చూడకుండా, "తొయ్యి దొరా," అంటాడు.