మిరప కల్లంలో మూరెడు వెలుగు

ఇక్కడ రాస్తున్నది అక్షరాలా నిజం. దీపం ఆర్పి ప్రమాణం చేయమన్నా చేయవచ్చు. ఒక్క దీపం చాలదంటే నూటెనిమిది వెలిగించి, ఒక్కొక్కటే ఆర్పుతూ మరీ చేయవచ్చు. నరసరావుపేటలో దస్తగిరి మాస్టారిని ఎరిగినవాళ్ళెవరూ ఇందులో ఒక్క పొల్లు కూడా కాదనలేరు.

మాస్టారు యాభై ఏళ్లుగా ఫొటోలు తీస్తున్నారు. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే బదులు చెప్పే అలవాటు ఆయనకు లేదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటారు. ఆ తుడవడం ఎంతసేపంటే, పెళ్ళి ఫొటోకి ఎటు తిరిగి నిలబడాలని అడిగిన ఒక పెళ్ళికొడుకు, జవాబు వచ్చేసరికి ఇద్దరు పిల్లల తండ్రి అయ్యాడు.

ఆయన దగ్గర సుభాషిణి అనే శిష్యురాలు ఉండేది. పన్నెండేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి, ఆ ఉద్యోగం మానేసి వచ్చిన మనిషి. ఏ పనికైనా ఒక అంకె ఉంటుందనీ, అది దొరికితే పని వచ్చేసినట్టేననీ ఆమె నమ్మకం. అందుకే రోజుకు నలభై సార్లు ఒకటే అడిగేది: "మాస్టారూ, ఎండలో మనిషిని తీసేటప్పుడు ఫ్లాష్ ఎంత వేయాలి?"

ఎండ ఉండగా ఫ్లాష్ ఎందుకని అనిపించవచ్చు. నడినెత్తి సూర్యుడు నుదుటినీ ముక్కునీ వెలిగించి కళ్ళను గోతుల్లో వదిలేస్తాడు. ఆ నీడలోకి కాస్త వెలుగు పంపడానికి ఫ్లాష్‌ను కెమెరా మీద కాకుండా విడిగా, ఒక కర్రకు కట్టి పక్కనుంచి పట్టుకుంటారు. ఆ 'కాస్త' ఎంత అన్నదే సుభాషిణి బాధ. మాస్టారు అద్దాలు తుడుచుకుంటూనే ఉన్నారు.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం ఊరి బయట మిరప కల్లం నుంచి కబురు వచ్చింది. అక్కడి మహిళా రైతుల సంఘానికి బసవపూర్ణమ్మ అధ్యక్షురాలు. ఆవిడ గొంతెత్తితే కాటాలో ముల్లు దానంతటదే సరైన బరువు దగ్గరికి వచ్చి నిలబడేది. సంఘం గోడ మీద ఇంతకుముందు అధ్యక్షులుగా చేసిన ఆరుగురి ఫొటోలూ ఉన్నాయి. ఏడో ఫ్రేము మాత్రం రెండేళ్ళుగా ఖాళీ. మర్నాడు ఉదయం ఆవిడ పదవి దిగిపోతోంది. అప్పటికి ఫొటో లేకపోతే ఆ ఖాళీ అద్దమే ఆవిడ గుర్తుగా ఉండిపోతుంది.

కారణం అందరికీ తెలుసు. చిన్నప్పుడు మరిగే ఎసరు మీద పడి ఆవిడ ఎడమ చెంప కాలింది. కంటి కింద మొదలైన మచ్చ గడ్డం దాకా ఉంటుంది. వచ్చిన ఫొటోగ్రాఫర్లలో సగంమంది ఆవిడను మచ్చ కనపడకుండా పక్కకు తిప్పి కూర్చోబెట్టారు. మిగతా సగం కంప్యూటర్లో మచ్చను చెరిపేశారు. ఆ ఫొటోలన్నిటినీ ఆవిడ వాపసు పంపింది. "ఈవిడెవరో బాగానే ఉంది. అధ్యక్షురాలు ఈవిడే అయితే రెండేళ్ళ చాకిరీ కూడా ఈవిడనే చేయమనండి" అని కబురు కూడా పంపింది.

కల్లంలో కనుచూపు మేర ఎర్రగా ఎండుమిరపకాయలే. నేలమీది ఎరుపు ఎగదన్ని మనుషుల గడ్డాలన్నీ కుంకుమ పూసినట్టున్నాయి. ఆ ఘాటుకు అక్కడ ఒకరు తుమ్మితే పక్క మండలంలో 'చిరంజీవ' అన్నారు.

"ఇవాళ నువ్వే తియ్యమ్మాయ్" అని మాస్టారు గోతాల మీద కూర్చున్నారు.

సుభాషిణి కెమెరా అందుకుంది. ఒంటరిగా తీయడం ఇదే మొదలు. పూర్ణమ్మ తలమీద కొంగు కప్పుకుని కుర్చీలో కూర్చుంది. ముందు ఫ్లాష్ లేకుండా తీస్తే కొంగు కింద మొహం ఉండాల్సిన చోట చీకటి తప్ప ఏమీ లేదు. ఎడమ పక్కన కర్ర పాతి, ఫ్లాష్ బిగించి మళ్ళీ తీసింది. కెమెరాలో బొమ్మ చూడగానే పూర్ణమ్మ కొంగు చెంపమీదికి లాక్కుంది.

"ఏం తల్లీ, నన్ను తీయమన్నారా, మచ్చను తీయమన్నారా?"

"తగ్గిస్తానండీ. సగం చేస్తాను."

సగం చేసింది. పావు చేసింది. అందులో సగమూ చేసింది. ప్రతిసారీ ఆవిడ చూసి తల అడ్డంగా తిప్పింది. ఒకదాంట్లో మచ్చ మాత్రమే ఉంది, ఇంకోదాంట్లో మనిషే లేదు. చివరికి ఆవిడ లేచి, "పోనీలేమ్మా, ఆ అద్దం అట్లాగే ఉండనీ. దుమ్ము తుడవడం తేలిక" అని నవ్వి, వెళ్ళి కాయలు ఏరుతున్న ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. నవ్విందే కానీ, ఏరినవి తాలుకాయల కుప్పలో వేస్తోందో మంచికాయల కుప్పలో వేస్తోందో ఆవిడకే తెలియడం లేదు. ఆ పొరపాటు ఆవిడ పుట్టి బుద్ధెరిగాక చేయలేదు.

సుభాషిణికి కళ్ళు మండాయి. మిరప ఘాటు వల్లనే అనుకుందాం.

మాస్టారు లేచారు. కెమెరా తను తీసుకుని, కర్ర నుంచి ఫ్లాష్ ఊడదీసి, దాని మొహానికి తెల్ల చేతిరుమాలు చుట్టి, పూర్ణమ్మను మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టి, ఆవిడ ఎడమ చేతిలో పెట్టారు.

"ఇదేంటి దస్తగిరన్నా, నన్నే తీసుకోమంటావా?"

"తీసేది నేనే. వెలుగు నువ్వు పట్టుకోమ్మా. మొహం వైపు తిప్పి పట్టు. మోచెయ్యి వంచి దగ్గరికి తెచ్చుకుంటే వెలుగు ఎక్కువ పడుతుంది. చాపితే తగ్గుతుంది. ఎక్కడ ఆపుతావో నీ ఇష్టం."

ఆవిడ ఎంత దూరం చాపిందంటే, ఆ చెయ్యి వినుకొండ దాకా వెళ్ళిందని అక్కడున్నవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. మాస్టారు తీసి చూపించారు. "అమ్మో, ఇది మా అత్తగారి దయ్యం" అంది ఆవిడ. ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. చెయ్యి కాస్త ముడిచింది. ఈసారి కళ్ళు చిట్లించి చూసింది. ఇంకాస్త ముడిచింది. మాస్టారు తీయడం, చూపించడం, ఆవిడ మోచెయ్యి బెత్తెడు వంచడం, మళ్ళీ రెండు వేళ్ళు చాపడం, ఇలా ఎంతసేపు జరిగిందంటే పచ్చికాయలు కూడా ఎండి గలగలలాడాయి.

ఒక బొమ్మ దగ్గర ఆవిడ ఆగిపోయింది. కెమెరాను రెండు జానల దూరంలో పెట్టించుకుని చూసింది. అందులో కళ్ళున్నాయి, కాటాను నిలబెట్టిన కళ్ళే. మచ్చ కూడా ఉంది. అయితే కళ్ళు చూశాకగాని దాని దగ్గరికి చూపు పోవడం లేదు.

"ఇదుగో, ఇది నేను" అంది మెల్లగా. ఆ తర్వాత చెంప అంచును కప్పిన కొంగును కూడా తనే వెనక్కి తోసుకుని, చెయ్యి సరిగ్గా అక్కడే మళ్ళీ నిలబెట్టింది. "ఇప్పుడు తియ్యన్నా, గోడకెక్కేది."

మాస్టారు ఒక్కటంటే ఒక్కటే తీసి, కెమెరా దించారు.

సుభాషిణి అప్పటికే సంచీలోంచి కొలిచే టేపు బయటికి లాగింది. ఆమె మొహంలో వెలుగుకు ఏ ఫ్లాషూ అక్కర్లేదు.

"మాస్టారూ, ఇన్నాళ్ళకు దొరికింది! చెంపకూ ఫ్లాష్‌కూ మధ్య మూరెడు ఉన్నట్టుంది. కాదా? మూర మీద నాలుగు వేళ్ళా? చెప్పండి, రాసుకుంటాను."

మాస్టారు కళ్ళజోడు తీశారు. తుడవలేదు. కల్లం నడుమ కుర్చీలో, అయిపోయిందని ఎవరూ చెప్పలేదు కాబట్టి, బసవపూర్ణమ్మ అలాగే నిటారుగా కూర్చుని ఉంది.

"ఆవిడ చెయ్యి ఇంకా దించలేదమ్మాయ్. లాగేస్తూ ఉంటుంది. ముందు వెళ్ళి ఆ ఫ్లాష్ అందుకో."