తొండ మావ, కపిల, కాసింత ఎండ

అనగా అనగా, మబ్బులకే ఎక్కేసరికి ఆయాసం వచ్చేంత ఎత్తున ఒక మంచుకొండ. ఆ కొండ మీద వేసవి ఏడాదికి గుప్పెడు రోజులే. ఆ గుప్పెడు రోజుల్లోనే గడ్డి మొలవాలి, పువ్వు పూయాలి, సీతాకోకచిలుక గుడ్లు పెట్టాలి. అంతా పైవాడి ఏర్పాటు నాయనా, కాదనడానికి మనమెవరం?

ఆ కొండగడ్డిలో కపిల అనే సీతాకోకచిలుక ఉండేది. ఒళ్లంతా ముదురు బెల్లప్పాకం రంగు. రెక్కల కొసన మాత్రం కళ్లలాంటి నల్లచుక్కలు.

ఒకనాటి పొద్దున కపిల గుడ్లు పెట్టడానికి మెత్తని గడ్డిదుబ్బు వెతుక్కుంటూ బయలుదేరింది. దారిలో ఉండగానే మబ్బు కమ్మింది. ఎండ లేకపోతే దానికి రెక్క ఆడదు. వాగు ఒడ్డున ఒక పెద్ద బండ కనిపిస్తే దాని మీద వాలిపోయింది. వాలాక చూసుకుంది కదా, అదే బండ మీద, మూరెడు దూరంలో ఒక తొండ.

తొండ కళ్లు తిప్పింది గానీ కాళ్లు కదపలేదు. దానికీ చలే. ఎండ తగిలితేనే దాని కాళ్లూ ఆడతాయి.

"రావే కోడలుపిల్లా," అంది తొండ. "ఫలహారం దానంతటదే పళ్లెంలోకి వచ్చింది."

"మరి తినవేం, మావయ్యా?"

"ఎండ రానీ. నువ్వెటూ ఎగరలేవు."

"నువ్వెటూ రాలేవు," అంది కపిల. పైకి అలా అంది గానీ లోపల ఒకటే బెంగ. తాను పోతే పోయె, కడుపులోని గుడ్ల గతేమిటి?

చూశారా పిల్లలూ, తినేదీ తినబడేదీ ఒకే బండ మీద కూర్చుని, ఒక్క సూర్యనారాయణుడి కోసమే ఎదురుచూపు. ఆయనకు ఇద్దరూ బిడ్డలే మరి.

"అయినా అదేం రంగే," అంది తొండ. "అడుగంటిన పాయసంలా."

"దేవుడు పెట్టిన చీర, మావయ్యా. అడుగంటిందయితే వదిలెయ్యరాదూ?"

"ఆకలికి అడుగంటిందైనా ఒకటే."

ఇంతలో మబ్బు చీలి సన్నటి ఎండ పడింది. ఒంట్లోకి వచ్చిన కాస్త వేడినీ అప్పుడే ఖర్చుపెట్టి, తొండ జానెడు దూరం పాకింది. కపిలకూ ఎగిరిపోదామనే అనిపించింది. కానీ సగం వేడితో లేస్తే నడిమధ్యలో రాలిపోవాలి. కింద వాగు. భయాన్ని దిగమింగి రెక్కలు బార్లా పరిచింది. ఎండిన నేల తొలివానను తాగినట్టు, ఆ ముదురు రెక్కలు ఎండను తాగాయి. మబ్బు మూసుకోగానే రెక్కలు ముడిచి, ఆ వెచ్చదనాన్ని ఒంట్లో దాచుకుంది.

"పారిపోలేదేమే?" అంది తొండ.

"నీ కబుర్లు బాగున్నాయి, మావయ్యా."

రెండోసారి ఎండ వచ్చింది. కపిల మళ్లీ రెక్కలు పరిచింది. తొండ మళ్లీ పాకింది. ఈసారి నోటికి అందేంత దగ్గరకు వచ్చేసింది. ఇంకా ఎగిరేంత వేడి చాల్లేదు. కపిల మెల్లగా తిరిగి, రెక్క కొసనున్న నల్లచుక్కను తొండ ముందు పెట్టింది. కన్ను ఇక్కడుంటే తల ఇక్కడే కదా అనుకుంది తొండ. ఉన్న సత్తువంతా పెట్టి కసుక్కున కొరికింది. నోట్లోకి వచ్చింది చిటికెడు రెక్క పొట్టు. ఆలోగా మబ్బు కమ్మింది, తొండ ఉన్నచోటనే బిగుసుకుపోయింది.

మూడోసారి సూర్యుడు నిండుగా వచ్చాడు. తొండ ఉన్న వేడంతా అప్పటికే ఖర్చుపెట్టేసుకుంది, పైగా పొట్ట కింద చల్లటి బండ. దానికి మళ్లీ మొదటి నుంచే మొదలు. కపిలకు మాత్రం రెండుసార్లు దాచుకున్నదానికి ఈ మూడోది తోడైంది. చిరిగిన రెక్కతోనే చివ్వున లేచింది.

"ఆగవే కోడలా, మాట సగంలో ఉంది."

"ఇంట్లో పనుంది, మావయ్యా. తీరిగ్గా వచ్చే చలికి మాట్లాడుకుందాం."

వాగు దాటగానే పచ్చటి గడ్డిదుబ్బు ఒకటి దొరికింది. కపిల దాని మొదలు దగ్గర ఒక్కొక్క గుడ్డే పెట్టి, చివరి గుడ్డు పక్కనే రెక్కలు చాపి, హాయిగా ఎండ కాచుకుంది.

కాబట్టి పిల్లలూ, ఆపదలో తొందరపడేవాడు ఉన్న బలం పోగొట్టుకుంటాడు, ఓర్చుకుని కూడబెట్టుకునేవాడు గట్టెక్కుతాడు.