కళ్లకు గంతలు కట్టిన రథకారుడు

మణిగిరి రాజుగారి రథకారుడు భద్రాచారి ఆ ఏడు నాలుగు కొత్త రకం బండ్లు చేయించి కోట ముందు నిలిపాడు.

"ఇవి కుదపవు ప్రభూ. ఊళ్లోని పాత బండ్లన్నీ వంటచెరుకు చేయించి, అందరిచేతా ఇవే కొనిపించండి" అన్నాడు.

ఉప్పు అమ్ముకునే సోములమ్మకు బండే బతుకు. ఆమె కొత్త బండ్ల చక్రాలు, ఇరుసులు తడిమి చూసి, "రంగు తప్ప ఏమీ మారలేదు మారాజా" అంది.

"కళ్లు మూసుకుని ఎక్కినా తేడా తెలుస్తుంది" అన్నాడు భద్రాచారి.

"అయితే అలాగే ఎక్కండి బాబూ. ఒకసారి కొత్తది, ఒకసారి పాతది" అంది సోములమ్మ.

రాజు సరేనన్నాడు. కళ్లకు గంతలు కట్టి, భద్రాచారిని రెండు బండ్లలోనూ ఊరంతా తిప్పారు.

రెండోది ఆగగానే అతను, "ఇదే నా కొత్త బండి. వెన్న మీద పోయినట్టుంది" అన్నాడు ధీమాగా.

గంతలు విప్పారు. అతను కూర్చున్నది సోములమ్మ ఉప్పు బండిలో.

రాజు నవ్వాపుకుంటూ, "ఏం ఆచారీ, దీన్ని వంటచెరుకు చేయించమంటావా?" అని అడిగాడు.